దుర్మతిలో పుట్టినవాడు

నాయనమ్మ పన్నెండో రోజు కర్మలో పురోహితుడు నాన్నని ఒక ప్రశ్న అడిగాడు. "అమ్మగారి అత్తగారి పేరు చెప్పండి." ఆడమనిషి పోతే ఆమె పిండాన్ని అత్తగారి పిండంతో కలపాలట. నాన్న నీళ్ళు నమిలాడు. బాబాయి వైపు చూశాడు. బాబాయి మేనత్త వైపు చూశాడు. అంటే మా తాతయ్యని కన్నతల్లి పేరు మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఇలాంటివాళ్ళని పురోహితుడు ఎంతమందిని చూశాడో, ఏదో ఒక పేరు చెప్పించి కానిచ్చేశాడు. భోజనాల దగ్గర అందరూ మర్చిపోయారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మాది పేరాల. నేతపనివాళ్ళం. ఇప్పుడు ఇంట్లో మగ్గం లేదు, గుంట పూడ్చి టైల్స్ వేయించారు. నేను విజయవాడలో ఉద్యోగం చేస్తాను. చరిత్ర చదువుకోలేదు, ఆఫీసుల్లో తిరిగే ఓపిక కూడా అంతంతమాత్రం. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. ఎలా తిరిగానో రాస్తున్నాను. దారి తప్పిన చోట్లు కూడా దాచడం లేదు, వేరేవాళ్ళకి ఆ తిప్పలైనా తప్పుతాయని.

తాతయ్య గురించి నాయనమ్మ చెప్పేవి రెండే ముక్కలు. ఎప్పుడు పుట్టాడంటే "దుర్మతిలో, అందుకే అంత మొండి" అనేది. ఎక్కడ పుట్టాడంటే "రామ్‌నగర్ పాకలో." అదేదో పక్క ఊరనుకుని చాలాకాలం పట్టించుకోలేదు. తర్వాత చీరాల-పేరాల ఉద్యమం గురించి చదివినప్పుడు విషయం అర్థమైంది. 1919లో చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. మేం కట్టం, మాకీ మునిసిపాలిటీ వద్దు అన్నారు జనం. పన్ను కట్టనందుకు జైలుకు పోయినవాళ్ళలో రావూరి అలమేలమ్మ అనే ఆవిడ కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చాడు. ఆ వేసవిలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక ఊరంతా కదిలింది. సుమారు పదిహేను వేల జనాభాలో ఎక్కువ మంది ఇళ్ళు వదిలి మునిసిపాలిటీ హద్దు దాటి పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరి పేరే రామ్‌నగర్. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

దుర్మతి నామ సంవత్సరం 1921 ఉగాదికి మొదలై 1922 ఉగాదికి ముందురోజుతో అయిపోయింది. రామ్‌నగర్ బతికిన కాలం దాదాపు అదే. అంటే నాయనమ్మ రెండు ముక్కలుగా చెప్పింది ఒకే సంగతి.

ఇంత తెలిశాక కూడా నేను చేసిన మొదటి పని తెలివితక్కువ పని. తాతయ్య జనన రికార్డు కోసం మునిసిపాలిటీ జనన మరణాల విభాగంలో అడిగాను. మన జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది, అంతకుముందూ మద్రాసు ప్రెసిడెన్సీలో రిజిస్టర్లు ఉండేవి, కాబట్టి వెతికితే దొరుకుతుందని నా ధీమా. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన నా కాగితం చదివి, కళ్ళజోడు తీసి, "అమ్మా, మీ తాతగారు రామ్‌నగర్‌లో పుట్టారని మీరే రాశారు కదా" అన్నాడు. అవునన్నాను. "మునిసిపాలిటీ వద్దని ఊరు ఖాళీ చేసి పోయినవాళ్ళు, బిడ్డ పుడితే ఆ మునిసిపాలిటీకే వచ్చి రాయిస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. హద్దు బయట అంటే గ్రామం లెక్క. ఆ రోజుల్లో గ్రామాల్లో పుట్టుకలూ చావులూ రాసేది మునసబు. పాకల్లో పుట్టిన పిల్లల్ని ఏ మునసబు రాశాడో, అసలు రాశాడో లేదో. ఒకవేళ రాసినా ఆ రోజుల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా వదిలేసేవాళ్ళు, తండ్రి పేరుతోనే వెతుక్కోవాలి అని కూడా ఆయనే చెప్పాడు. టీ తాగమన్నాడు. ఈ ఎనిమిది నెలల్లో నాకు బాగా పనికొచ్చిన మాట చెప్పిన మనిషి ఆయన. కాగితం కోసం పోయే ముందు, ఆ కాగితం పుట్టడానికి కారణం ఏమైనా ఉందా అని ఆలోచించుకోవాలని అప్పటినుంచి అలవాటైంది.

రెండో తప్పు భూమి రికార్డులు. ఆఫీసులో ఒక కొలీగ్ వాళ్ళది డెల్టాలో పల్లెటూరు. వాళ్ళు అడంగళ్ళు (ఏటేటా ఏ పొలం ఎవరి చేతిలో ఉందో రాసే లెక్కలు), ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూమి రిజిస్టరు, ఇనాం ఫెయిర్ రిజిస్టర్ పట్టుకుని 1860ల దాకా వెళ్ళిపోయారు. ఇనాం భూమి, అంటే పాత ప్రభువులు దానంగా ఇచ్చిన భూమి, ఉన్నవాళ్ళకి అదృష్టం. 1858లో వేసిన ఇనాం కమిషన్ ఎవరికి ఎవరు వారసులో, వయసు ఎంతో కూడా అడిగి రాసుకుంది. నేనూ ఉత్సాహపడ్డాను. తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కాక తెలిసింది, మాకు సెంటు పొలం లేదని. ఉన్నది ఇల్లు. ఆ ఇల్లు గ్రామకంఠంలో ఉంది. గ్రామకంఠం అంటే సర్వే లెక్కల్లో ఊరంతటికీ కలిపి ఒక నంబరు, అందులో ఎవరి ఇల్లు ఏదో రాసేవాళ్ళు కాదు. పొలం ఉన్నవాడి పేరు ప్రతి ఏడూ రాసిన సర్కారు, వాడికి బట్ట నేసినవాడి పేరు రాయాల్సిన అవసరం లేదనుకుంది.

ఇంకో చిక్కు జిల్లాలది. మా ఇల్లు ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. కానీ 1904కి ముందు మేము కృష్ణా జిల్లా. తర్వాత గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా, 1972 నుంచి దాని పేరు ప్రకాశం. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఏ ఏడాది కాగితం కావాలో తేల్చుకోకుండా ఆఫీసుకి పోతే, "అది ఇక్కడ కాదు" అనే మాట నాలుగు ఊళ్ళలో వినాలి. నేను మూడు ఊళ్ళలో విన్నాను.

విసిగిపోయి మళ్ళీ ఇంటికే వచ్చాను. అసలు మొదలుపెట్టాల్సింది అక్కడే. నాయనమ్మ ట్రంకుపెట్టె మంచం కింద అలాగే ఉంది. అందులో కరక్కాయలు, తాతయ్య కళ్ళజోడు, నేత సొసైటీ పాస్‌బుక్కు, నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలు ముక్క ఒకటి, పసుపు గుడ్డలో చుట్టిన దస్తావేజు. రుమాలు ఇప్పటికీ నూనె వాసన కొడుతోంది. మేనత్త దాన్ని లాక్కుని బ్యాగులో పెట్టేసుకుంది, అది వేరే గొడవ.

దస్తావేజు 1956 నాటి భాగపంపకాల కాగితం. తాతయ్య, ఆయన తమ్ముడు ఇల్లు పంచుకున్నారు. తాతయ్య వయసు 34 అని ఉంది. తండ్రి పేరు ఉంది, ఆయన తండ్రి పేరు కూడా ఉంది. మూడు తరాల మగవాళ్ళు ఒక్క కాగితంలో దొరికారు. ఆడవాళ్ళ ఊసే లేదు. కాగితం వెనక్కి తిప్పితే మూలన పెన్సిల్‌తో "1 పు." అని, ఒక నంబరు, దాని పక్కన 1931 అని ఉంది. మా ఎవ్వరికీ అర్థం కాలేదు. వాట్సాప్ గ్రూపులో పెడితే రెండు దండాల బొమ్మలు వచ్చాయి.

అర్థం చెప్పింది చీరాలలో ఒక దస్తావేజు లేఖరి. డెబ్బై దాటినాయన. ఇప్పుడంతా కంప్యూటర్లో కొట్టేస్తున్నారు కాబట్టి ఆయన దగ్గరికి పని కోసం వచ్చేవాళ్ళు తక్కువ, కబుర్లకి వచ్చేవాళ్ళు ఎక్కువ. "ఒకటో పుస్తకం అమ్మా" అన్నాడు. స్థిరాస్తి దస్తావేజులన్నీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒకటో పుస్తకంలోకి ఎక్కిస్తారట. వీలునామాలు మూడో పుస్తకం. అంటే 1931లో మా ఇంటి మీద ఏదో దస్తావేజు పుట్టింది. దాని నంబరు ఎవరో రాసిపెట్టుకున్నారు.

ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల జాబితా, తీస్తే 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టి చేత్తో వెతికించుకోవాల్సిందే. ఇక్కడ ఒక రోజు పోయింది. ఆఫీసు బయట చెట్టుకింద ఒకాయన పట్టుకుని, పాత నకళ్ళు ఆస్తి హక్కుదారులకే ఇస్తారు, వారసత్వ సర్టిఫికెట్ కావాలి, అన్నీ నేను చూసుకుంటా అని పన్నెండు వందలు తీసుకున్నాడు. మళ్ళీ కనపడలేదు. మర్నాడు లేఖరికి చెబితే తల కొట్టుకున్నాడు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకం, దాని ఇండెక్సు ఫీజు కట్టి అడిగిన ఎవరికైనా చూపించాలి, నకలు ఇవ్వాలి. వారసులమని నిరూపించుకోనక్కర్లేదు. వీలునామాల విషయం వేరు. రాసినవాళ్ళు బతికుండగా అవి పైవాళ్ళకి ఇవ్వరు.

నంబరు, సంవత్సరం చేతిలో ఉంటే పని తేలిక. అవి లేకపోతే పేర్ల ఇండెక్సులో వెతికించాలి. అందులో ఇంటిపేరు ఎలా రాశారన్నదే పెద్ద పరీక్ష. మా ఇంటిపేరే నేను చూసిన కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. ఒకచోట దీర్ఘం లేదు, ఒకచోట వత్తు లేదు.

పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చీరాల, సాయంత్రం ఏది దొరికితే అది ఎక్కి విజయవాడ. అలా మూడుసార్లు. మొదటిసారి రికార్డు రూము తాళం ఉన్నాయన సెలవు. రెండోసారి పుస్తకం దొరికింది, కానీ అట్టలు ఊడి ఉన్నాయి, జాగ్రత్తగా తీయాలి, వచ్చే వారం రండి అన్నారు. మూడోసారి నకలు చేతికొచ్చింది. ఫీజు పెద్దదేం కాదు. ఖర్చయింది సెలవులు.

నకలు చూస్తే గుండె జారింది. ఒక్క అక్షరం తెలియడం లేదు. గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా లైను ఈ చివర నుంచి ఆ చివరకి లాక్కుపోయాడు. పదానికీ పదానికీ ఖాళీ లేదు, తలకట్లు లేవు. తెలుగు ఎమ్మే చదివిన మా వదిన భూతద్దం పెట్టి అరగంట చూసి "రూపాయలు" అనే మాట ఒక్కటి పట్టుకుంది.

మళ్ళీ లేఖరి దగ్గరికే. ఆయన కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, రాగం తీసినట్టు గడగడా చదవడం మొదలుపెట్టాడు. నేను ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ప్రమోదూత నామ సంవత్సరం, మాఘ మాసం, అంటే 1931 ఫిబ్రవరి. తనఖా దస్తావేజు. "చనిపోయిన ఫలానా వారి భార్య, నా మైనరు కుమారులకు తల్లిని, గార్డియన్ను అయిన..." అని, అక్కడ పేరు చదివాడు.

నేను ఆపమన్నాను. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే పేరు.

ఆ పేరు మా మేనత్తది.

ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు కాగితంలో ఉన్నది పూర్తి చేయాలి, ఎందుకంటే ఆ రెండు పేజీల్లో ఉన్నంత మా కుటుంబం మరెక్కడా లేదు. నా భర్త చేసిన నూలు బాకీ నిమిత్తం, మగ్గం పెట్టుబడి నిమిత్తం, మైనర్ల పోషణ నిమిత్తం నూట యాభై రూపాయలు తీసుకుని ఇల్లు తనఖా పెడుతున్నానని రాయించింది. మైనర్లలో పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. 1931 ఫిబ్రవరికి తొమ్మిదేళ్ళు నిండాయంటే పుట్టింది 1921 ఫిబ్రవరికీ 1922 ఫిబ్రవరికీ మధ్య. పెద్దవాడు మా తాతయ్య. దుర్మతి సరిపోయింది, రామ్‌నగర్ సరిపోయింది. అసలు పుట్టిన తేదీ ఏ రిజిస్టర్లోనూ దొరకని మనిషికి అప్పు కాగితం సాక్ష్యం పలికింది.

అంతకుముందు ఒక బడి అడ్మిషన్ రిజిస్టర్లో ఆయన పుట్టినరోజు 1-7-1920 అని చూసి తికమక పడ్డాను. హెడ్మాస్టరు నవ్వి, అప్పుడు బడిలో చేరినవాళ్ళలో ఇంతమంది జులై ఒకటినే పుట్టారని పేజీ తిప్పి చూపించాడు. ఐదేళ్ళు నిండాయని చూపించడానికి పంతులు వేసిన తేదీ అది. అయితే ఆ రిజిస్టరు ఇంకో మేలు చేసింది. 1925లో తాతయ్యని బడిలో చేర్చినప్పుడు సంతకం పెట్టింది తండ్రి. 1931కి తల్లి విధవరాలు. ముత్తాత ఆ ఆరేళ్ళలో పోయాడు. ఎప్పుడు, దేనితో అన్నది ఇంకా దొరకలేదు.

దస్తావేజు చివర చెక్కుబందీ. నాలుగు హద్దులు. జనం దీన్ని చదవకుండా వదిలేస్తారు, నేనూ వదిలేసేదాన్నే. లేఖరి వేలు పెట్టి చూపించాడు. ఉత్తరం హద్దు, మా ఇంటిపేరే ఉన్న ఇంకొకాయన ఇల్లు. మా వెనక వీధిలో ఒక కుటుంబం ఉంది. వాళ్ళింట్లో ఎవరన్నా పోతే మేము పది రోజులు మైల పడతాం. మా ఇంట్లో పోతే వాళ్ళు. దాయాదులం అంటారు. ఎక్కడ ఎలా కలుస్తామో రెండు ఇళ్ళలోనూ చెప్పేవాళ్ళు లేరు. ఆ ఉత్తరం హద్దు పేరు వాళ్ళ ముత్తాతది. ముత్తాతకి అన్నో తమ్ముడో ఇంకా తేల్చాల్సి ఉంది. నకలు తీసుకెళ్ళి చూపిస్తే ఆ ఇంటి పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గోడ చూపించి, "ఈ గోడ రెండిళ్ళకీ ఒకటే అని మా నాయన అనేవాడు, మేం కొట్టించి కొత్తది కట్టాం" అన్నాడు.

కింద సంతకం ఉండాల్సిన చోట "నిశాని" అని ఉంది. ఆమెకి చదువు రాదు. గీత గీసింది, లేదా వేలిముద్ర వేసింది. నకలు కాబట్టి ఆ గుర్తు కనిపించదు, ఆ మాట ఒక్కటే కనిపిస్తుంది. ఆ పక్కన దస్తూరి, అంటే రాసినవాడి పేరు. ఇద్దరు సాక్షులు. అప్పిచ్చిన షావుకారు పేరు.

మధ్యలో ఒక ఆదివారం వేటపాలెం వెళ్ళాను. 1918లో పెట్టిన సారస్వత నికేతనం అక్కడుంది, పాత పత్రికలకి పేరున్న గ్రంథాలయం. 1921 ఆంధ్రపత్రికలో మా వాళ్ళ పేరు దొరుకుతుందని కాదు, ఆ రోజులు ఎలా ఉన్నాయో చూద్దామని. దొరికింది నాయకుల ఉపన్యాసాలు. పాకల్లో పురుళ్ళు ఎవరు పోశారో, మగ్గాలు అక్కడికి మోసుకుపోయారో, రాట్నాలతో సరిపెట్టుకున్నారో నాకు కావాలి. అలాంటివి ఏ పత్రికకి వార్త? సాయంత్రం దాకా కూర్చుని, కళ్ళు మండి, జీడిపప్పు కొనుక్కుని వచ్చేశాను.

ఇక మేనత్త పేరు. ఆమెకి ఆ పేరంటే చిన్నప్పటి నుంచి మంట. పాతకాలపు పేరు, బళ్ళో అందరూ ఏడిపించేవాళ్ళట. అందుకే ఇక్కడ రాయడం లేదు, చదివితే నన్ను బతకనివ్వదు. ఏ గుడి మొక్కో అనుకుంది ఇన్నాళ్ళూ. ఇంకో విషయం. నాయనమ్మ ఆమెని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. అరవై ఏళ్ళ మనిషిని కూడా "పాపా" అనే పిలిచేది. ముద్దు అనుకున్నాం అందరం. లేఖరి ఆ పేరు రెండోసారి చదువుతున్నప్పుడు నాకు తట్టింది. కోడలు అత్తగారి పేరు నోటితో అనదు. కూతురికి అత్తగారి పేరు పెట్టుకుని, జన్మంతా ఆ పేరు పలకకుండా పిలిచింది నాయనమ్మ. పేరు ఇంట్లోనే ఉంది. మేము ఆఫీసులు తిరిగాం.

లేఖరి దగ్గర నుంచే మేనత్తకి ఫోన్ చేశాను. చెప్పిందంతా విన్నది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కాసేపటికి, "నూట యాభయ్యా?" అంది.

"అవునత్తయ్యా."

"తీర్చిందా మరి?"

తీరిస్తే చెల్లు కాగితం ఉండాలి. తీర్చకపోతే ఆ ఇల్లు 1956లో పంచుకోవడానికి మిగిలేది కాదు. కానీ మేనత్తకి ఈ లెక్క చాలలేదు, కాగితం చూపించమంటుంది. 1931 నుంచి 1941 దాకా ఇండెక్సులో ఆ పేరు మీద వెతకమని దరఖాస్తు పెట్టి వచ్చాను. వచ్చే నెల ఆమె కూడా వస్తానంటోంది, పినాకినిలో కిటికీ పక్క సీటు కావాలట.